పులస ఎటు వెళ్తుంది?

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. పిల్లలంతా క్యారియర్లు పట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. ఏడో తరగతి మీనాకుమారి మాత్రం ఆఫీసు గదిలో బల్ల ముందు నుంచి లేవలేదు. ఆమె చేతిలో ఇనప పెన్ను ఉంది. ముందు స్టెన్సిలు ఉంది.

స్టెన్సిలు అంటే మైనం పూసిన పల్చటి కాగితం. దాని మీద ఇనప పెన్నుతో గీస్తే, గీసినచోట మైనం పోతుంది. దాన్ని సైక్లోస్టైల్ మిషనుకి తగిలించి, సిరా వేసి, పిడి తిప్పితే ఆ గీతలన్నీ కాగితాల మీద అచ్చవుతాయి. జెరాక్సు షాపులు లేని రోజులవి. నరసాపురంలో ఆ బడికి ఉన్నది ఒక్కటే మిషను. దాని మీద పరీక్ష పేపర్లు తప్ప ఇంకేమీ తియ్యరు.

ఈసారి మాత్రం తెలుగు మాస్టారు చంద్రరావు గారు హెడ్మాస్టరు గారిని బతిమాలి ఒప్పించారు. రెండో తరగతి పిల్లలకి చదువుకోడానికి ఒక్క బొమ్మల పుస్తకమైనా లేదు. "దొరక్కపోతే మనమే తయారుచేద్దాం" అన్నారాయన. కథ మీనాకుమారి రాసింది. బొమ్మలు ఆమె స్నేహితురాలు తలుపులమ్మ వేసింది. కథలో ఉన్నది ఒక బుజ్జి పులస చేప.

గోదావరికి వరద వచ్చే నెలల్లో ఊరంతా పులస మాటే. అందుకే మీనాకుమారి దాని మీద రాసింది. తమాషా ఏమిటంటే, ఆమె పులసని ఒక్కసారి కూడా దగ్గరగా చూడలేదు. వాళ్ళది బజారులో కిరాణా కొట్టు. ఇంట్లో చేప వండరు. వీధిలోకి చేపల తట్ట వస్తే నాయనమ్మ తలుపు వేసేస్తుంది. అయినా కథ రాయడానికి చేపతో పనేముంది అనుకుంది మన రచయిత్రి.

ఆమె కథలో బుజ్జి పులస కొండల దగ్గర పుడుతుంది. పోలవరం దాటి, పట్టిసీమ దాటి, నీళ్ళతోపాటు హాయిగా జారుకుంటూ సముద్రం చూడ్డానికి వెళ్తుంది.

కథ విన్న రోజు తలుపులమ్మ తల గోక్కుంది. "పులస అలా వెళ్ళదే. సముద్రంలోంచి ఏట్లోకి వస్తుంది. ఎదురీదుకుంటా వస్తుంది."

"నీళ్ళు అటు పోతుంటే చేప ఇటెందుకొస్తుందే? కథ నాది. నువ్వు బొమ్మలు వెయ్యి, చాలు" అంది మీనాకుమారి.

తలుపులమ్మ వెళ్ళి కాగితాలు ముందేసుకుంది. నాలుగు బొమ్మలు వేసి ఇచ్చింది. చేప ఒంటి మీద పొలుసులు లెక్కపెట్టొచ్చు, అంత బాగా వేసింది. కానీ నాలుగు బొమ్మల్లోనూ చేప మూతి కొండల వైపే ఉంది. సముద్రం దాని వెనక ఉంది.

ఇప్పుడు ఆ బొమ్మల్ని కింద పెట్టి, స్టెన్సిలు పైన పరిచి, మీనాకుమారి వాటి మీదుగా గీస్తోంది. గుండ్రటి చేతిరాత అని మాస్టారు ఇనప పెన్ను ఆమెకే ఇచ్చారు.

"ఎంత మొండిదో చూడు" అనుకుంది మీనాకుమారి. ఏరునీ కొండల్నీ ఉన్నవి ఉన్నట్టే దించింది. చేప దగ్గరికి వచ్చేసరికి బొమ్మ కాగితాన్ని తిరగేసింది. వెనక నుంచి కనపడుతున్న గీతల మీదుగా గీసింది. చేప మూతి సముద్రం వైపు తిరిగిపోయింది. నాలుగు బొమ్మల్లోనూ అలాగే చేసింది. తలుపులమ్మని అడగలేదు. అడిగితే ఒప్పుకోదని తెలుసు కాబట్టే అడగలేదు.

మర్నాడు మాస్టారు పిడి తిప్పారు. నలభై పుస్తకాలు అచ్చయ్యాయి. వాటిని కుట్టే పని కూడా మీనాకుమారే ఇంటికి తీసుకెళ్ళి పూర్తిచేసింది. అట్ట మీద 'కథ: మీనాకుమారి, బొమ్మలు: తలుపులమ్మ' అని ఉంది.

శనివారం పొద్దున్న రెండో తరగతి పిల్లలకి పుస్తకాలు పంచారు. మీనాకుమారి నిలబడి చదువుతోంది. తలుపులమ్మ వెనక గోడ దగ్గర నిలబడి వింటోంది. రెండో పేజీకే బుల్లియ్య చెయ్యెత్తాడు. వాడు తలుపులమ్మ తమ్ముడు.

"అక్కా, ఈ చేప ఎటెళ్తంది?"

"సముద్రానికి."

బుల్లియ్య కడుపు పట్టుకుని నవ్వాడు. "వరద ఎర్రనీటికి పులస సముద్రానికెళ్ళడమేంటి? మా అక్కకి ఆ మాత్రం తెలీదా?"

క్లాసులో సగం మంది జాలరిపేట పిల్లలే. వాళ్ళూ పకపకా నవ్వారు.

తలుపులమ్మ గబగబా వచ్చి తమ్ముడి చేతిలో పుస్తకం తీసుకుంది. నాలుగు పేజీలూ తిప్పింది. ఆమె మొహం వాడిపోయింది.

"ఇది నేనేసిన చేప కాదు" అంది మెల్లగా. "అట్ట మీద నా పేరుంది. ఇయ్యాళ పేటలో అందరూ చూస్తారు. చేపలు పట్టేవోళ్ళ పిల్లకి పులస ఎటెళ్తదో తెలీదంటారు." పుస్తకం తమ్ముడి చేతిలో పెట్టేసింది. "ఇంక నీకు బొమ్మలు వెయ్యను."

శనివారం ఒంటిపూట బడే కాబట్టి ఇంటి బెల్లు కొట్టారు. పిల్లలు పుస్తకాలు సంచుల్లో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఇంటికెళ్ళాక మీనాకుమారికి అన్నం సయించలేదు. కథ నాది అని గొప్పగా అంది. నవ్వులపాలైంది మాత్రం తలుపులమ్మ. ఆ సంగతి తలుచుకుంటే ఏడుపొచ్చింది. లేచి కొట్లోకి వెళ్ళి నాన్న జోగేశ్వరరావు ముందు నిలబడింది.

"నాన్నా, జాలరిపేటకి వెళ్ళొస్తాను."

"పేటకా? ఎందుకమ్మా?"

"తప్పు చేశాను. చెప్పి రావాలి."

నాన్న త్రాసు పక్కన పెట్టి కూతురి మొహం చూశాడు. "అయితే వెళ్ళు. మీ నాయనమ్మకి నేను చెప్తాలే."

జాలరిపేటలో తలుపులమ్మ నాన్న పల్లంరాజు అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. పక్కనే పుస్తకం ఉంది. ఇరుగుపొరుగు వాళ్ళు అప్పటికే చూసి నవ్వి వెళ్ళినట్టున్నారు. మీనాకుమారిని చూడగానే తలుపులమ్మ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయింది.

మీనాకుమారి వెంట తెచ్చిన బొమ్మల కాగితాలు ముందుకి చాపింది. "తలుపులమ్మ నాన్నగారండీ, ఆ చేపని తిప్పింది నేనండి. తను సరిగ్గానే వేసింది. చెప్పింది కూడానండి. నేనే వినలేదు. ఇవిగోనండి, తనేసిన బొమ్మలు."

పల్లంరాజు కాగితాలు తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఎదురింటి వైపు తిరిగి కేకేశాడు. "అచ్చాయమ్మా, ఇలా వచ్చి చూడు. మా పిల్ల ఏసింది ఇది."

అచ్చాయమ్మ వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు. బొమ్మలు చేతులు మారాయి. "ఇదీ పులసంటే" అంది అచ్చాయమ్మ. అది విని తలుపులమ్మ మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

"అప్పుడు నువ్వు చెప్తే వినలేదు" అంది మీనాకుమారి. "ఇప్పుడు చెప్తావా?"

తలుపులమ్మ అరుగు మీదికి వచ్చింది. కాస్త దూరంగానే కూర్చుంది. తర్వాత అడిగింది, "రాసుకుంటావా?"

మీనాకుమారి నోటుబుక్కు తెరిచింది.

"సంద్రంలో ఉన్నప్పుడు దీన్ని విలస అంటాం" అని మొదలుపెట్టింది తలుపులమ్మ. "వరదొస్తే ఎర్రనీరు సంద్రంలో కలుస్తుంది కదా, అప్పుడు ఏరెక్కుతుంది. గుడ్లు పెట్టడానికి. ధవళేశ్వరం ఆనకట్ట దాకా ఎదురీదుతుంది. అలా ఈదొచ్చిందే పులస."

"రెక్కలు నొప్పెట్టవా?" అని అడిగింది మీనాకుమారి.

"దాన్నే అడగాలమ్మా" అన్నాడు పల్లంరాజు. అందరూ నవ్వారు. తలుపులమ్మ కూడా కొంచెం నవ్వింది.

సోమవారం ఇద్దరూ చంద్రరావు మాస్టారి దగ్గరికి వెళ్ళారు. మీనాకుమారి జరిగింది దాచకుండా చెప్పింది.

"మళ్ళీ స్టెన్సిళ్ళు కావాలా? క్వార్టర్లీ పరీక్షలు నెత్తి మీదున్నాయి" అన్నారు మాస్టారు. అంటూనే బీరువా తెరిచి నాలుగు తీశారు. "ఈసారి గీసేదెవరు?"

"తలుపులమ్మేనండి" అని మీనాకుమారి ఇనప పెన్ను ఆమె చేతిలో పెట్టింది. తను కొత్త కథ రాసుకుని కూర్చుంది. ప్రతి పేజీ అవగానే "ఇది సరిగ్గా ఉందా?" అని తలుపులమ్మని అడిగింది. రెండుచోట్ల సరిగ్గా లేదు. ఆ రెండూ కొట్టేసి మళ్ళీ రాసింది.

తర్వాతి శనివారానికి కొత్త పుస్తకాలు పిల్లల చేతుల్లో ఉన్నాయి. మీనాకుమారి చదువుతుంటే ఎవరూ కదల్లేదు. బుజ్జి పులస వరదలో ఎదురీదింది, అలిసిపోయింది, మళ్ళీ ఈదింది, చివరికి గుడ్లు పెట్టింది.

ముందు వరసలో కూర్చున్న కన్యక అనే చిన్నపిల్ల లేచింది. "అక్కా, గుడ్లు పెట్టాక అది ఎక్కడికెళ్తుంది?"

మీనాకుమారికి జవాబు తెలుసు. నోటుబుక్కులో రాసుకుంది కూడా. అది నోటిదాకా వచ్చింది. కానీ ఆగి, గోడ దగ్గర నిలబడ్డ తలుపులమ్మని చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చింది.

"ఈవిడ చెప్తుంది" అంది.

తలుపులమ్మ పుస్తకం తీసుకుని గొంతు సవరించుకుంది. "మళ్ళీ సంద్రానికే వెళ్తుంది. ఈసారి నీళ్ళతోపాటే, హాయిగా. ఎలాగంటే..."

మీనాకుమారి వెళ్ళి రెండో తరగతి పిల్లల మధ్య చాప మీద కూర్చుంది. అందరితోపాటు వినడం మొదలుపెట్టింది.