చన్నీళ్ళకు వదలని జిడ్డు

తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చంకలో ఐదు లీటర్ల నూనె డబ్బా. చంటిపిల్లకు చలి తగలకుండా చూసినట్టు దాన్ని శాలువతో కప్పింది.

"డిటెక్టివ్‌గారు ఉన్నారాండీ? సాయంత్రంలోగా నా మొహాన మసి పూసి పంపించేస్తారు," అంది.

కాంపౌండరు ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో మందులు కలిపి, పదవీ విరమణ తర్వాత డిటెక్టివ్ దగ్గర చేరాడాయన. తన సారు ఈగ నడిచిన జాడ కూడా పట్టగలరని ఆయన నమ్మకం.

ఆమె వంటావిడ. గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన ఇంట్లో ఆరేళ్ళుగా వండుతోంది. మూడు నెలల కిందట ఆయనకు గుండెనొప్పి వచ్చింది. వెన్న మానేసి, రోజుకు నాలుగు చిన్న చెంచాల సోయా నూనెతో వంట చేయమన్నాడు డాక్టరు.

"అలాగే చేశానండీ. తీరా నిన్న రక్తపరీక్షలో కొవ్వు తగ్గకపోగా పెరిగిందట! డబ్బాలో నాసిరకం నూనె కలిపానంటోంది వాళ్ళమ్మాయి. ఆ ఇంటి ఉప్పు తిని అయ్యగారి గుండెకే ఎసరు పెడతానా? ఈ మాట పాకితే ఇక నన్ను ఎవరు గడప తొక్కనిస్తారు?"

డిటెక్టివ్ నూనె వాసన చూశాడు. చిన్న సీసాలోకి కాస్త వంపి ఫ్రిజ్‌లో పెట్టాడు.

"గిన్నెలు కూడా మీరే తోముతారా?"

"ఇంకెవరండీ? ఈ చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మూకుడు జిడ్డు సబ్బుతో చన్నీళ్ళకే వదులుతుంది. మధ్యాహ్నం అయ్యగారు తిన్న పళ్ళేనికి మాత్రం వేణ్ణీళ్ళు కాచాల్సిందే. నా ఖర్మ!"

"పళ్ళెం మేడమీదికి ఎవరు తీసుకెళ్తారు?"

"మధ్యాహ్నం వాళ్ళక్కగారు, రాత్రి అమ్మాయిగారు. నా మోకాళ్ళకు మెట్లెక్కే యోగం లేదుగా."

మధ్యాహ్నానికి సీసా బయటికి తీశారు. నూనె మసకబారలేదు. వంచితే ధారగా జారింది. కాంపౌండరుకు ఏమీ అర్థం కాలేదు. డిటెక్టివ్ మాత్రం టోపీ అందుకున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ఆ ఇంట్లో భోజనాలు అయిపోయాయి. కూతురు నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది.

"దొంగే పోలీసును వెంటబెట్టుకొచ్చినట్టుందే!"

"పోలీసును కాదమ్మా, నాకంత జీతం రాదు," అన్నాడు డిటెక్టివ్. "ఫ్రిజ్ చూడొచ్చా?"

"చూసుకోండి. వెన్న పేరెత్తితే నేను ఊరుకోను."

నిజంగానే వెన్న లేదు. తలుపు అరలో ఒక మొహం క్రీము డబ్బా ఉంది.

"అది మా అత్తయ్యది. ఎవర్నీ ముట్టుకోనివ్వదు. డెబ్బై ఎనిమిదేళ్ళకి సోకులు!"

మూలన కూర్చున్న మేనత్త నవ్వి, చేతులు శాలువలోకి లాక్కుంది. ఈలోపే వాటిమీద కాంపౌండరు కన్ను పడింది. ఆవిడ వేళ్ళ కణుపులు ఎండిన చెరువులా పగిలి ఉన్నాయి, బుగ్గలు పొలుసు లేచాయి. 'పాపం, ఏదైనా లేపనం రాసివ్వాలి' అనుకున్నాడు.

మేడమీద పెద్దాయన గడియారపు చెక్కపెట్టెను గుడ్డతో రుద్దుతున్నాడు.

"ఇదీ సోయా నూనేనండీ. పలచగా రాసి వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. వదిలేశామా, జిగురు కడుతుంది," అన్నాడు తలెత్తకుండా.

డిటెక్టివ్ అందర్నీ ఆ గదిలోకే పిలిచాడు. వంటావిడ కూడా మోకాళ్ళు పట్టుకుని ఎక్కివచ్చింది. అంట్ల తొట్టిలోంచి తెచ్చిన మూకుడునీ, పెద్దాయన తిన్న పళ్ళేన్నీ బల్లమీద పెట్టి, రెండింటిలోనూ చన్నీళ్ళు పోశాడు. మూకుట్లో నూనె చుక్కలుగా తేలింది. పళ్ళెం మీద తెల్లటి పొర కట్టింది.

"సోయా నూనె చలికి గడ్డకట్టదు. ఫ్రిజ్‌లో పెట్టినా జారింది. గడ్డకట్టే చౌక నూనె కలిసుంటే సీసా మసకబారేది. కాబట్టి డబ్బా శుద్ధం, మూకుడు శుద్ధం. ఈ తెల్లపొర మూకుడు దాటాక, పళ్ళెం మెట్లెక్కేలోగా వచ్చింది. అదీ మధ్యాహ్నం పూట మాత్రమే."

కూతురు మేనత్త వైపు తిరిగింది.

"క్రీము రాసుకునే చేతులు అలా పగలవు పెద్దమ్మా," అన్నాడు డిటెక్టివ్ మెల్లగా. "ఆ డబ్బాలో ఉన్నది వెన్న."

ముసలావిడ శాలువలోంచి చేతులు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మ పోయేనాటికి వీడికి మూడేళ్ళు," అంది. "నేను వేలితో వెన్న నోట్లో పెడితేగానీ ఏడుపు మానేవాడు కాదు. ఈమధ్య చిక్కిపోతున్నాడు. ఎలాగూ మంచి నూనె పోస్తున్నారుగా, నేను కాస్త కలిపితే ఏం పోతుందిలే అనుకున్నాను."

"అక్కడే పొరపాటు. సోయా నూనె మందు కాదు. అందులో గుండెకు పనికొచ్చే కొవ్వుంది, ఇ విటమినుంది. కానీ అది వెన్న స్థానంలోకి వస్తేనే మేలు. వెన్న పక్కన కూర్చుంటే ఇంకో కొవ్వు, అంతే."

పెద్దాయన గుడ్డ కింద పెట్టాడు.

"మొదటి ముద్దకే తెలిసిందక్కా. ఎదురుగా కూర్చుని నువ్వు చూస్తుంటే వద్దనలేకపోయాను." వంటావిడకు చేతులు జోడించాడు. "నిన్న నీమీద నింద పడినప్పుడైనా నోరు విప్పాల్సింది. జిహ్వ కోసం నీ కూడు పడగొట్టబోయాను తల్లీ."

కూతురు మొహం ఎర్రబడింది. "సాయంత్రం వంటేమిటని అడుగుదామనుకున్నా," అంది వంటావిడతో నేల చూస్తూ. కూతురికి చేతనైన క్షమాపణ అదే.

మర్నాడు మధ్యాహ్నం కాంపౌండరు లేపనం పట్టుకుని వెళ్ళాడు. ముసలావిడ చేతులు అప్పటికే మెరుస్తున్నాయి. వంటావిడ సోయా నూనె రాసి మర్దనా చేసిందట. ముసలావిడ తమ్ముడి పళ్ళెం తనే కిందికి తెచ్చి, సబ్బు రాసి, చన్నీళ్ళ కొళాయి కింద పెట్టి, బొటనవేలితో రుద్దింది. పళ్ళెం కిర్రుమంది.

"ఇదిగో అమ్మాయ్," అంది వంటావిడతో, "పొయ్యిమీద వేణ్ణీళ్ళు దించెయ్యి."