పన్నెండో తూనీగ

ఇంజను రెండుసార్లు దగ్గింది. మూడోసారి దగ్గబోయి ఆగిపోయింది.

ఏడువందల అడుగుల ఎత్తున ఉన్న ఓలేటి నూకరత్నం చెయ్యి అప్పటికే వేడిగాలి మీట మీద ఉంది. కిందికి దిగడం మొదలుపెట్టినప్పుడే దాన్ని లాగింది. ఇప్పుడు లోపలికి తోసి మళ్లీ లాగింది. మీట మెత్తగా వచ్చింది, మెత్తగా వెళ్లింది. ఇంజను మాత్రం ఉలకలేదు.

"ఏటమ్మా, చప్పుడాగిపోయింది?" వెనక సీట్లోంచి ఒక ముసలాయన అడిగాడు. ఒళ్లో చేపల బుట్ట ఉంది.

"బెల్టు బిగించుకోండి బాబాయ్. బుట్ట కింద పడెయ్యండి."

"ఇందులో పండుగప్పలున్నాయమ్మా."

"విమానంలో మనం కూడా ఉన్నాం బాబాయ్."

బుట్ట కింద పడిన చప్పుడు వినిపించింది.

కింద నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆ అద్దాన్ని నమ్మకూడదని కోనసీమలో పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. నలభై ఏళ్ల కిందట సముద్రం మీదికొచ్చినప్పుడు కొబ్బరితోటలు నిలువునా మునిగాయి. తలలు ఎప్పుడో ఊడిపోయాయి. మొండాలు మాత్రం నీటికి జానెడు కింద ఇంకా నిలబడే ఉన్నాయి. తేలే పడవల్లాంటి కాళ్లతో వాలే విమానానికి వాటిలో ఒక్కటి తగిలినా చాలు, బోర్లా పడుతుంది. ఆరేళ్లలో పదకొండు తూనీగ విమానాలు ఇలాగే ఇంజను ఆగి, ఆ మొండాల మీద విరిగాయి. ఒక్క పైలట్ కూడా బయటికి రాలేదు.

నూకరత్నం ముక్కు దించింది. రేవు అందదు. అందుతుందని ఆశపడి గాలిలో ముక్కు ఎత్తినవాళ్లు ఎలా పోయారో ఆమెకు తెలుసు. ఎడమవైపు నీళ్లలో ఒక గీత కాస్త నల్లగా కనబడింది. అది పాత పంటకాలువ. కాలువలో కొబ్బరిచెట్లు పాతరు.

"తల మోకాళ్ల మీద పెట్టుకోండి," అంది.

తూనీగ కాలువలో వాలింది, జారింది. ఎడమకాలు పాత గట్టుకు కొట్టుకుని విరిగింది. విమానం పక్కకు ఒరిగి ఆగింది. ముసలాయన మెడకింద ఎముక విరిగింది. పండుగప్పలు కాలువలోకి వెళ్లిపోయాయి.

"పోతే పోయినియ్ లే," అన్నాడు ముసలాయన, నొప్పితో పళ్లు బిగించి. "మళ్లీ పట్టుకుంటాను."

2079లో కోనసీమ అంటే ముప్పైరెండు దీవులు. వాటి మధ్య ఆటోల్లా తిరిగేవి తూనీగలే. నాలుగు సీట్లు, ఒకే ఇంజను. బ్యాటరీ విమానాలు ఉప్పుగాలికి ఓడిపోయాక, చెరకు స్పిరిట్‌తో నడిచే ఈ పాతకాలపు ఇంజనే గతి అయింది. దానికి ఒక జబ్బు ఉంది. దిగడానికి వేగం తగ్గించినప్పుడు ఇంజను పీల్చే తడిగాలి లోపల చల్లబడి, ఎండాకాలంలో కూడా గాలి వెళ్లే గొంతులో మంచు పేరుకుంటుంది. గొంతు పూడుకుపోతే ఇంజను ఆగుతుంది. అందుకే పైలట్ మీట లాగాలి. మీట తీగను లాగుతుంది, తీగ తలుపును తెరుస్తుంది, పొగగొట్టం దగ్గర కాగిన గాలి లోపలికి వచ్చి మంచును కరిగిస్తుంది.

ప్రమాదం జరిగితే కారణం చెప్పడానికి సాక్షి ఉంది. ప్రతి తూనీగలోనూ ఆవగింజంత స్మృతిగింజలు మూడువేలు ఉంటాయి. తన భాగం ఎప్పుడు కదిలింది, ఎంత వేడెక్కింది, ఎక్కడ విరిగింది అన్నది ప్రతి గింజా దాచుకుంటుంది. విమానం కూలగానే అవన్నీ సాక్షి అనే యంత్రానికి చేరతాయి. అది 'ఎందుకు' అని తనను తాను ప్రశ్నించుకుంటూ ఒక కారణం నుంచి వెనక కారణానికి వెళుతుంది. దీన్ని కారణగొలుసు అంటారు. వెనకటి రోజుల్లో ఏడాది పట్టే విచారణ ఇప్పుడు ఏడు నిమిషాల్లో ముగుస్తుంది.

ఏడో నిమిషానికి నూకరత్నం ఇంకా తడిబట్టలతో గట్టు మీదే ఉంది. సహాయపడవ మైకులోంచి సాక్షి గొంతు వినిపించింది.

"ఇంజనుకు వేడిగాలి అందలేదు. మూలకారణం, పైలట్ పొరపాటు. లైసెన్సు శాశ్వతంగా రద్దుకు సిఫారసు చేస్తున్నాను."

"నేను మీట లాగాను."

"ఆక్షేపణ నమోదు చేయమంటారా? ఇంతవరకు ఏ పైలట్టూ ఆక్షేపణ చెప్పలేదు."

"చెప్పడానికి ఒక్కరైనా మిగిలితే కదా," అంది నూకరత్నం. "రాసుకో."

నాలుగో రోజు అమలాపురం గట్టుమీద ప్రమాదాల బోర్డు కూర్చుంది. ఆ గది నూకరత్నానికి కొత్త కాదు. ఆరేళ్ల కిందట, పైలట్ల ప్రతినిధిగా ఒక్క ఏడాది ఆ బల్లకు అటువైపు కూర్చుంది. మొట్టమొదటి ప్రమాదం అప్పుడే జరిగింది. పోయినవాడు ఆమెతోపాటు శిక్షణ తీసుకున్న మల్లాడి కృపాదానం. ఆ ఏడాది గురించి ఇప్పుడామెకు గుర్తున్నదల్లా ఏడుపే.

కృపాదానం భార్య సువార్తమ్మ వెనక బెంచీలో కూర్చుంది. భర్త పోయినప్పటి నుంచీ రేవులో ఆమెను 'మీట మరిచిపోయినోడి పెళ్లాం' అంటున్నారు.

"ఎందుకొచ్చావు వదినా? ఎండలో."

"నువ్వు ఆ మిషనుతో ఎదురు మాట్లాడతావంట కదా. సూద్దామని వచ్చాను."

చైర్మన్ ఉప్పలూరి వరదరాజు గొంతు సవరించుకున్నాడు. పక్కన సాక్షిని తయారుచేసిన డాక్టర్ మెహరున్నీసా ఉంది.

"నూకరత్నం గారూ, సాక్షి ఆరేళ్లలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు," అన్నాడు వరదరాజు.

"తప్పని ఎవరైనా అడిగారాండీ?"

మెహరున్నీసా కలగజేసుకుంది. "ఆక్షేపణ చెప్పినవారు యంత్రాన్ని తృప్తి తీరేదాకా ప్రశ్నించవచ్చు సార్. ఆ నిబంధన నేనే పెట్టాను. ఎవరూ వాడుకోలేదు, అంతే."

నూకరత్నం లేచి నిలబడింది.

"సాక్షీ, నేను మీట లాగానా, లేదా?"

"లాగారు. రెండుసార్లు."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. వరదరాజు బల్ల మీద వేళ్లతో కొట్టాడు.

"మరి గాలి ఎందుకు అందలేదు?"

"తీగను పట్టి ఉంచే బిగింపు ఉప్పుకు తిని సడలింది. మీట కదిలింది. తలుపు కదలలేదు."

"ఈ సంగతి నివేదికలో ఎందుకు లేదు?"

"అది మూలకారణం కాదు గనుక. బిగింపు సడలి పదకొండు రోజులైంది. బయల్దేరే ముందు ప్రతిసారీ ఇంజను నడుస్తుండగా మీట లాగి పరీక్షిస్తే, వేడిగాలికి ఇంజను తిరిగే చుట్లు నిమిషానికి వంద తగ్గాలి. తగ్గకపోతే తలుపు తెరుచుకోలేదని తెలిసిపోతుంది. ఆ పరీక్ష మీరు చేయలేదు."

అది నిజం. ఆ పరీక్ష ఆమె చేయలేదు. దీవుల్లో ఎవరూ చేయరు. రేవులో కట్టేసిన తూనీగను గట్టిగా నడిపితే పంకా గాలికి నీళ్లు లేచి, గట్టు మీద బుట్టలూ చీరలూ తడిసిపోతాయి. జనం తిడతారు. పైగా ఇంజను వేడెక్కడంతో కలిపి నాలుగు నిమిషాలు పోతాయి. అందుకని పైలట్లందరూ ఇంజను ఆపి ఉండగానే మీట ఒకసారి లాగి, అది కదిలితే 'ఉంది' అనుకుని కాగితం మీద టిక్కు పెడతారు. దానికి చేతిపరీక్ష అని పేరు కూడా ఉంది.

వరదరాజు ముందుకు వంగాడు. "బిగింపు లోపం అని రాసేద్దాం. మీ లైసెన్సు మీకే ఉంటుంది. బిగింపులన్నీ మార్పిస్తాం. ఇంతటితో ముగిద్దామా?"

లైసెన్సు. ఇరవై రెండేళ్లుగా ఆమెకు తెలిసిన బతుకు అదొక్కటే. సరే అంటే రేపు పొద్దున మొదటి ట్రిప్పుకు వెళ్లొచ్చు. నూకరత్నం వెనక్కి తిరిగి బెంచీవైపు చూసింది. సువార్తమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ ఆమెనే చూస్తోంది.

"ముగియదండి. సాక్షీ, మిగతా పదకొండు విమానాలు?"

"ఎనిమిదింటిలో ఇదే బిగింపు సడలింది. మూడింటిలో పైలట్లు నిజంగానే మీట లాగలేదు."

"కృపాదానం?"

"మూడుసార్లు లాగారు. నీటిని తాకే క్షణంలో కూడా ఆయన చెయ్యి మీట మీదే ఉంది."

వెనక బెంచీ కిర్రుమంది. సువార్తమ్మ లేచి నిలబడింది. "ఇంకోపాలి సెప్పమను."

"మల్లాడి కృపాదానం మీటను మూడుసార్లు లాగారు," అంది సాక్షి.

"ఆయ్," అంది సువార్తమ్మ, ఎవరితోనో ఒప్పుకున్నట్టు. కూర్చోలేదు.

నూకరత్నం గొంతు పెరిగింది. "చేతిపరీక్ష అందరూ చేసేదే. పన్నెండుమందీ అదే చేశారు. అది నీకు తెలుసు. తెలిసీ ఒక్కొక్కరినీ విడివిడిగా దోషిని చేశావు. చనిపోయినవాళ్ల దగ్గరికి వచ్చి గొలుసు ఎందుకు ఆపేశావు?"

"అక్కడ ఆపడం నేర్చుకున్నాను."

మెహరున్నీసా తల ఎత్తింది. "నేను నేర్పలేదు."

"మీరు నేర్పలేదు మేడమ్. బోర్డు అంగీకరించిన నివేదిక లాంటిదే తరవాతిసారి రాయమని మాత్రం చెప్పారు. మొదటి ప్రమాదానికి నేను రాసిన నివేదిక పైలట్ దగ్గర ఆగలేదు. 'ఈ దీవుల్లో ఎవరూ ఇంజను నడిపి పరీక్షించడం లేదు. వెంటనే తప్పనిసరి చేయాలి. లేకపోతే ఇంకా విమానాలు కూలుతాయి' అని రాశాను. బోర్డు తిప్పి పంపింది. పరీక్ష మాట తీసేసి పైలట్ పేరు దగ్గర ఆపాను. బోర్డు అంగీకరించింది. తరవాత పదిసార్లూ అలాగే రాశాను, అలాగే అంగీకరించారు."

మెహరున్నీసా రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"ఎందుకు తిప్పి పంపారు?" అడిగింది నూకరత్నం.

"ఒక సభ్యుడి అభ్యంతరం వల్ల. మిగిలిన నలుగురూ దానికి సరే అన్నారు."

"ఎవరిదా అభ్యంతరం?"

"సభ్యుల పేర్లు గోప్యం. అభ్యంతరం మాత్రం చదవగలను."

వరదరాజు గబుక్కున లేచాడు. ముఖం పాలిపోయింది. "వద్దు. నూకరత్నం గారూ, ఇక్కడితో ఆపండి. మీ మంచికే చెబుతున్నాను."

"ఇన్నాళ్లూ మీ మంచే చూసుకున్నారు కదండీ. చాలు." ఆమె ఆయనవైపు తిరిగి నిలబడింది. "నలుగురు సరే అంటే, కృపాదానం తరవాత ఇంకో ఏడుగురు పోయారు. మీట లాగి మరీ పోయారు. వాళ్ల పెళ్లాలూ పిల్లలూ రేవులో తల దించుకుని తిరుగుతున్నారు. ఇప్పుడు ఎవరి పేరు బయటికొస్తే మీకు భయం? ఎంత పెద్దవాడైనా రానివ్వండి. చదువు సాక్షీ."

సాక్షి చదివింది. దాని గొంతులో ఏ మార్పూ లేదు.

"'ట్రిప్పుకు నాలుగు నిమిషాలు పోతే రోజుకు ఎనిమిది ట్రిప్పులు ఏడవుతాయి. పైలట్లు ఒప్పుకోరు. ఇంత చిన్నదానికి విమానాలన్నీ ఆపక్కర్లేదు. జాగ్రత్తగల పైలట్‌కు చేతిపరీక్ష చాలు. పోయినవాడు ఎలాగూ పోయాడు, అతని పొరపాటని రాసి ముగించండి.'"

'ఇంత చిన్నదానికి.' ఆ మాట నూకరత్నానికి ఎక్కడో తగిలింది. ముందు ఒక నీలం పెన్ను గుర్తొచ్చింది. తరవాత, ఆ రోజు పైలట్ల మీటింగులో తనను చుట్టుముట్టి అరిచినవాళ్ల ముఖాలు. నాలుగు నిమిషాలా అని ఎవరో నవ్వడం. ఆ సాయంత్రం కృపాదానం ఇంటికి వెళ్లి సువార్తమ్మను పట్టుకుని ఏడవడం. ఏడుపు నిజమే. రాసిన ముక్క కూడా నిజమే. ఆరేళ్లుగా ఒకటే గుర్తుంచుకుంది.

వరదరాజు ఆమె కళ్లలోకి చూడలేక పక్కకు తిరిగాడు. అప్పుడర్థమైంది ఆమెకు, ఆయన ఎవరిని కాపాడబోయాడో.

"ఎవరంట?" సువార్తమ్మ వెనకనుంచి అడిగింది. "ఎవరు రాశారంట అది?"

"పేరు గోప్యం," అంది సాక్షి. "గొలుసు ఇక్కడ ఆపమంటారా?"

కూర్చుంటే చాలు. ఆ గదిలో ఈ సంగతి తెలిసినవాళ్లు, బల్లకు అటువైపు ఇంకా కూర్చుని ఉన్న పాత సభ్యులు నలుగురే, ఆ నలుగురూ నోరు విప్పరు. యంత్రానికి అనుమతి లేదు. బిగింపులు మారతాయి. లైసెన్సు ఉంటుంది.

నూకరత్నం జేబులోంచి లైసెన్సు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. బోర్డువైపు వీపు తిప్పి, సువార్తమ్మకు ఎదురుగా నిలబడింది.

"ఆపొద్దు," అంది. "రాసుకో సాక్షీ, అందరికీ వినబడేలా చెబుతున్నాను. అది రాసింది పైలట్ల ప్రతినిధి ఓలేటి నూకరత్నం. నేనే వదినా."