కిటికీలో రెండు ఫోన్లు

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో వేలంపాట జోరుగా సాగుతుండగా సీక్రెట్ ఏజెంట్ రమణ గూళ్ల రాశి మీద బోర్లా పడ్డాడు. తుపాకీ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. తెల్లటి గూళ్లు ఎర్రబడిన తర్వాతే జనం అరిచారు.

రమణను కలవడానికి వచ్చిన ఏజెంట్ తిప్పేస్వామి పది అడుగుల దూరంలోనే నిలిచిపోయాడు. ఒంటి మీద డ్రైవర్ ఖాకీ చొక్కా. అది అతని మారువేషం.

"ఎండిన గూళ్లు దొరుకుతాయా?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"తడిసినవే ఉండాయి."

కోడ్ సరిపోయింది. గూళ్ల వ్యాపారిలా తలపాగా చుట్టుకున్న చీఫ్ చంద్రశేఖర్ అతన్ని గోడ పక్కకు లాగాడు.

"రమణ ఈ పొద్దు ఈడికి వస్తాడని నీకొక్కడికే మెసేజ్ పెట్టినా. విదేశీ ముఠాకు ఎట్ల తెలిసింది?"

తిప్పేస్వామి ఖాళీ జేబు తడుముకున్నాడు.

"మంజునాథ్ ధర్మవరంలో ఆ ముఠా మధ్యనే కూర్చోనుండాడు. పట్టుచీరల ఏజెంటు వేషం. ఫోన్లు గుమ్మంలోనే గుంజుకున్నారంట. హెచ్చరించే దారి లేదు. నువ్వు గుర్తుపట్టాలని వాడు నాతో మాట్లాడే వీడియో పొద్దున్నే నీకు పంపితి. చూసినావా?"

"లేదు సార్. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి వచ్చినా."

"యాడ?"

"పెనుకొండ లాడ్జిలో. తనూజ రూంలో."

చీఫ్ తన జీపు వైపు పరిగెత్తాడు. ఆ వీడియో ముఠాకు చేరితే మంజునాథ్ ఆ ఇంటి గడప దాటడు.

తనూజ డిపార్ట్‌మెంట్ మనిషే. నల్లకళ్లద్దాలు, జరీ అంచు చీర, నవ్వితే ఎదుటివాడు చెప్పబోయేది మరిచిపోతాడు. ఈ మిషన్‌లో ఆమె చీరల వ్యాపారి, తిప్పేస్వామి ఆమె డ్రైవరు. డ్రైవరు కారులోనే పడుకోవాలి కాబట్టి అతని ఫోన్‌కు ఆమె గది ప్లగ్గే దిక్కు. మొదటి రోజు అతను వైరు తగిలించి ఫోన్ మాట్లాడుతుంటే ఆమె మందలించింది.

"ఏమప్పా, చార్జింగ్‌లో పెట్టి మాట్లాడతాండావే? వేడెక్కి బ్యాటరీ ఉబ్బిపోతాది. ఆ కిటికీలో పెట్టి పో. నిండినాక నేనే పిలుస్తా."

అది నిజమే కాబట్టి అతను నమ్మాడు. తన బ్యాటరీ గురించి దిగులుపడే మనిషి ఒకరున్నారని లోపల సంబరపడ్డాడు కూడా. తీరా తీసుకునేటప్పుడు ఫోన్ పెనం మీది రొట్టెలా కాలేది. కిటికీలో ఎండలే అనుకునేవాడు.

పెనుకొండకు పోయే దారిలో కారు సోమందేపల్లి దాటుతుంటే రోడ్డు పక్క గొర్రెల మంద కనబడింది. తిప్పేస్వామి నాయన గొర్రెల కాపరి. పడుకున్న గొర్రె పొట్ట మీద చెయ్యి పెట్టి, ఇది ఇప్పుడే పరిగెత్తి వచ్చి దొంగనిద్ర పోతాందిరా అని చెప్పేవాడు. ఇన్ని రోజులు వేడి చేతికి తగులుతున్నా కొడుకుకు ఆ మాట గుర్తురాలేదు. అతను యాక్సిలరేటర్ తొక్కాడు.

తలుపు తోసేసరికి తనూజ జడ వేసుకుంటోంది.

"ఏంది స్వామీ, పరిగెత్తుకోనొచ్చినావు? నీ ఫోన్ నిండిందిలే, తీసుకో."

కిటికీలో రెండు ఫోన్లు, రెండింటికీ వైర్లు, రెండింటి మీదా ఒకటే ఎండ. అతను తన ఫోన్ మీద చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. ఆమె ఫోన్ మీద పెట్టాడు. చెయ్యి చురుక్కుమంది.

"నీది ఏం పని చేస్తాంది తనూజా?"

"ఏం పని? ఊరికే చార్జి ఎక్కుతాంది."

అతను దాన్ని తిప్పి చూశాడు. వెనక మూత ఉబ్బి ఉంది. స్క్రీన్ తట్టగానే వెలిగింది. మంజునాథ్ ముఖం, దాని కింద కదులుతున్న గీత. అప్‌లోడ్ తొంభై ఆరు శాతం.

ఆమె పిస్తోలు తీసింది. "పక్కకు జరుగప్పా. ఈ కొండల కింద సిగ్నల్ లేక పొద్దున్నుంచి ఆగి ఆగి పోతాంది. ఇప్పుడు అడ్డం పడొద్దు."

సిగ్నల్ ఆపే జామర్ ఉంటే నొక్కేవాడు. జామర్ అడిగితే టెండర్ పిలిచామన్నారు.

తొంభై ఎనిమిది.

తిప్పేస్వామి వైరు పీకాడు.

తనూజ నవ్వింది. "ఎర్రోడా! లోపల బ్యాటరీ ఉండాది గదా..."

స్క్రీన్ నల్లబడింది. రెండు నెలలు పగలనక రాత్రనక చార్జింగ్‌లోనే పని చేయించిన బ్యాటరీ అది. వైరు లేకుండా ఒక్క క్షణం నిలవలేకపోయింది.

ఆమె నవ్వు సగంలో ఆగింది. కళ్లు ఫోన్ వైపు తిరిగిన ఆ రెప్పపాటులో తిప్పేస్వామి ఆమె మణికట్టు విరిచాడు. పిస్తోలు మంచం కిందికి జారింది. వెనకే తన జీపులో వచ్చిన చీఫ్ ఆమెకు బేడీలు వేశాడు.

"రమణ నిన్ను రాఖీ కట్టమని చెయ్యి చాపినోడు," అన్నాడు తిప్పేస్వామి.

"మెసేజ్ నీ ఫోన్‌లోనిదే గదప్పా," అంది ఆమె, తల విదిలించి చెదిరిన జడను భుజం వెనక్కి విసురుకుంటూ.

తిప్పేస్వామి కిటికీలోని తన ఫోన్ వైరు కూడా పీకాడు.

సాయంత్రం మంజునాథ్ ధర్మవరం నుంచి ప్రాణాలతో వచ్చాడు. రమణ శవం ఊరికి పోయింది.

వారం తర్వాత ఆఫీసులో టెక్నీషియన్ వెంకటేష్ కొత్త ఫోన్ అందించాడు. "అన్నా, చార్జింగ్‌లో ఉన్నప్పుడు వాడొద్దు. బ్యాటరీ పాడవుతాది."

తిప్పేస్వామి వైరు తగిలించి, ఫోన్‌ను గుప్పిట్లోనే పట్టుకుని ప్లగ్గు పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"పాడైతే కానీలేప్పా. బ్యాటరీ అయితే ఇంకొకటి ఇస్తారు గదా."