రోతమాపకం

రోతమాపకం లేని కుర్చీలో జడ్జి కూర్చోకూడదన్నది 2079 నాటి చట్టం. దాన్నే ఇంగ్లిషులో డిస్గస్టోమీటర్ అంటారు. మనిషికి అసహ్యం కలిగితే, ఆ సంగతి తన మనసుకు తెలిసేలోపే కడుపు లయ తప్పుతుంది, పైపెదవి పక్క కండరం ముడుచుకుంటుంది. ఆ రెంటినీ పట్టి అంకెగా మార్చేదే ఈ యంత్రం.

న్యాయకళాశాలలో తీర్పుల్లోని పక్షపాతాన్ని లెక్కగట్టే సంఖ్యాపరిశోధన నేర్చుకుంటున్న మృదులకు చుక్కమ్మ కేసు అప్పగించారు. చుక్కమ్మ తోళ్లు నానబెట్టే షెడ్డులో కూలీ. మేస్త్రిని కొట్టిందని జైల్లో పెట్టారు. బెయిలు ఇవ్వలేదు. జడ్జి రోతతోనే కాదన్నాడని అంకెల్లో తేలితే ఇంకో జడ్జి మళ్లీ వింటాడు. తేలకపోతే, కేసు ముగిసేదాకా ఆమెకు జైలే గతి.

"జడ్జి పక్షపాతం సున్నా" అంది కళాశాల ల్యాబులోని యంత్రం.

"సున్నా ఏంటి? ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోవడం విచారణ వీడియోలో చూశాను!"

"ఆయన రోతలోంచి ఆధారరేఖను తీసేశాను. ఏమీ మిగల్లేదు."

ఆధారరేఖ అంటే బేస్‌లైన్. నెత్తుటి మరకలు చూస్తే ఎవరికైనా రోత పుడుతుంది, అది జడ్జి తప్పు కాదు. అందుకని అదే వీడియోను ఒక మామూలు మనిషికి చూపించి, ఆ మనిషికి కలిగినంత రోతను జడ్జి అంకెలోంచి తీసేస్తారు. ఈ ల్యాబులో ఆ మామూలు మనిషిగా ఎప్పుడూ విద్యార్థులే కూర్చుంటారు. ఈసారి కూర్చున్నది మృదుల.

అంటే జడ్జికి పుట్టినంత రోత తనకూ పుట్టిందన్నమాట.

ప్రొఫెసర్ జలంధర్ నవ్వాడు. "ఇన్నేళ్లలో ఒక్క జడ్జి కూడా ఎందుకు దొరకలేదో తెలిసిందా తల్లీ? రిపోర్టు మీద సంతకం పెట్టి టీకి రా."

"మీకు ముందే తెలుసా సార్?"

"తెలిస్తే? ముక్కులు కోసుకుంటామా?"

ఛీ, ఈయన దగ్గరా నేను చదువుతున్నది అనుకుంది మృదుల. ఆధారరేఖకు నిందితురాలి బంధువులు పనికిరారన్నది ఒక్కటే నిబంధన. మర్నాడు చుక్కమ్మతో షెడ్డులో పనిచేసే నీలవేణిని పిలిపించి వీడియో చూపించింది.

"మా చుక్కమ్మక్క ఎంత చిక్కిపోయిందో!" అని నీలవేణి కళ్లు తుడుచుకుంది. ఆమె రోత అంకె మాత్రం కదల్లేదు.

"ఆధారరేఖ మారింది. పాత రీడింగులన్నీ మళ్లీ లెక్కిస్తున్నాను" అంది యంత్రం.

తెర మీద రెండు గీతలు లేచాయి. జడ్జిది అరవై దగ్గర ఆగింది. మళ్లీ విచారణకు అది చాలు. పేరు లేని రెండో గీత దాన్ని దాటి పైకి పోయింది. అది మృదులది.

"చుక్కమ్మ కేసు మళ్లీ వింటారు" అంది మృదుల.

నీలవేణి సంబరంగా ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత తెర వైపు చూపించింది. "ఆ పొడుగు గీత జడ్జిదేనా అక్కా?"

మృదుల తెర మీంచి చూపు తిప్పుకుంది. "ఆ... జడ్జిదే."

"థూ! అట్టాంటోళ్ల పక్కన మనుషులెట్టా కూర్చుంటారో!" అంటూ నీలవేణి తన కుర్చీని మృదుల పక్కకు జరుపుకుంది.