ప్రభుదాస్ గారి జీపుకు ఇద్దరు బేరగాళ్ళు

సికింద్రాబాదులో చర్చి విడిచి జనం బయటికి వస్తున్న వేళ, గోడకు ఆనించి ఉన్న ఆర్థర్ సైకిలు మీదికి ఒక మిలిటరీ జీపు వచ్చింది. పెద్ద తొందరేమీ లేకుండా వచ్చింది. ఆపమని అరవడానికి ఆర్థర్‌కు కావలసినంత టైము దొరికింది. అరిచాడు. అయినా జీపు వచ్చి సైకిలు ముందు చక్రాన్ని నింపాదిగా వంచి, అప్పుడు ఆగింది.

స్టీరింగు వెనక నీలం చీర కట్టుకున్న ఒక అమ్మాయి ఉంది. ఆడపిల్ల జీపు నడపడం చూసిన ఆశ్చర్యంలో ఆర్థర్ తాను తిట్టాలనుకున్న మాటలు మరిచిపోయాడు. బ్రేకు లేదా అని మాత్రం అడగగలిగాడు.

"ఉన్నది. తొక్కిన సుత," అంది ఆ అమ్మాయి. "అది జెర ఆలోచించి ఆగుతదండీ."

చర్చి మెట్ల మీద నలుగురు నవ్వారు. ఆర్థర్‌కు చెవులు ఎర్రబడ్డాయి. సైకిలు బాగు చేయించి ఇవ్వాల్సిందేనన్నాడు. అల్వాల్‌లో రిటైర్డు హెడ్మాస్టరు ప్రభుదాస్ గారి ఇల్లు ఎవరినడిగినా చెబుతారనీ, వచ్చి నాన్నతో మాట్లాడుకోమనీ చెప్పి ఆమె వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ చర్చి గేటును కూడా కొంచెం రాసుకుంటూ పోయింది.

పోలీసు చర్య ముగిసి అప్పటికి నాలుగు నెలలు. ఆర్థర్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. తల్లిదండ్రులు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. మర్నాడు సాయంత్రం కోపాన్ని చక్కగా మడతపెట్టుకుని అల్వాల్ వెళ్ళాడు. ఇంటి ముందు వేపచెట్టు కింద జీపు ఉంది. సాక్ష్యం కోసం, తన సైకిలు రంగు ఏమైనా అంటిందేమోనని, వంగి బంపరు చూశాడు. కింద చూశాడు. చక్రాల చుట్టూ తిరిగాడు.

"శ్రద్ధగా చూస్తున్నావు. కొనేవాడు అలాగే చూడాలి," అన్నారు వరండాలోంచి ప్రభుదాస్ గారు.

అప్పుడు గానీ ఆర్థర్ జీపు అద్దానికి వేలాడుతున్న 'అమ్మబడును' అట్టను చూడలేదు. నేను కొనేవాణ్ణి కాదండీ అని చెప్పబోయేంతలో ఆయన కూతురు ప్రేమమణి టీ తెచ్చింది. నిన్నటి సైకిలు మనిషని గుర్తుపట్టి కళ్ళు పెద్దవి చేసింది. ఆ కళ్ళు చూశాక ఆర్థర్ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఎంతకిస్తారండీ?" అన్నాడు. జీపు కాదు కదా, సైకిలుకు కొత్త ట్యూబు కొనే స్తోమతు కూడా ఆ నెలలో అతనికి లేదు. పైగా డ్రైవింగు రాదు.

ప్రభుదాస్ గారు జీపు చరిత్ర చెప్పారు. యుద్ధం రోజుల్లో అది బర్మా దాకా వెళ్ళొచ్చింది. తర్వాత బొల్లారంలో మిలిటరీ వాళ్ళు పాతసామాను వేలం వేస్తే ఆయన పాడుకున్నారు. రజాకార్ల గొడవల్లో ఊరు అట్టుడికిపోతుంటే, అవసరమైతే కూతుర్ని ఎక్కించుకుని బెజవాడ వైపు పారిపోదామని ఆయన ఆలోచన. తీరా యూనియన్ సైన్యం బయలుదేరిందని రేడియోలో విన్న పొద్దున జీపు కదలలేదు. పెట్టెలు ఎక్కించారు, ప్రార్థన చేశారు, నెట్టారు. సైన్యం సికింద్రాబాదుకు వచ్చి, నిజాం లొంగిపోయి, అందరూ ఇళ్ళకు పోయి అన్నాలు తిన్న తర్వాత జీపు స్టార్టయింది.

"బండి మంచిదే. కాస్త ఆలస్యం," అన్నారు ప్రభుదాస్ గారు. అది అమ్ముడైతే కూతురితో బాపట్లలో అన్నగారి దగ్గరికి వెళ్ళిపోయి అక్కడే ఉంటారట.

శనివారం ట్రయల్‌కు రమ్మన్నారు. నడపాల్సి వస్తుందేమోనని ఆర్థర్ భయపడ్డాడు. కొనేవాడు పక్కన కూర్చుని ఇంజను శబ్దం వినాలి తప్ప నడపకూడదని ఏదో అనేశాడు. ప్రభుదాస్ గారికి ఆ మాట చాలా నచ్చింది. అందుకని ప్రేమమణి నడిపింది, ఆర్థర్ పక్కన కూర్చుని బొల్లారం దాకా ఇంజను శబ్దం విన్నాడు. గాలికి ఆమె జడ వచ్చి అతని భుజానికి తగులుతుంటే శబ్దం ఇంకా శ్రద్ధగా విన్నాడు. అకాల వాన ఒకటి పట్టుకుంటే చిరిగిన టాపు కింద ఇద్దరూ ఒకే వైపుకు జరిగి కూర్చున్నారు. జీపు మాత్రం రెండో వైపుకు పోయింది.

మూడో ట్రయల్లో ప్రేమమణి జీపును రోడ్డు పక్కకు తీసింది. అది కొంతదూరం పోయాక ఆగింది.

"నిజం చెప్పండి. మీరు కొంటరా?"

"కొనను," అన్నాడు ఆర్థర్, ఇక అబద్ధం చెప్పలేక.

"అయితే ప్రతి శనివారం రండి," అంది ప్రేమమణి.

బడిలో తన టీచరు ఉద్యోగం, పిల్లలు, ఈ ఊరు వదిలి బాపట్ల పోవడం తనకు ఇష్టం లేదని చెప్పింది. జీపు అమ్ముడుకాకుండా చూడటమే తన పని అంది. వచ్చిన ప్రతివాడికీ లోపాలన్నీ విప్పి చెప్పి పంపించేస్తోందట. ఒక బేరం నడుస్తూ ఉంటే నాన్న వేరే వాళ్ళకు మాటివ్వరు కాబట్టి ఆర్థర్ బేరమాడుతూనే ఉండాలి.

ఆర్థర్ సరేనన్నాడు. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. రమ్మన్నది తనను చూడాలనా, లేక చేను కాయడానికి నిలబెట్టే దిష్టిబొమ్మలాగానా? అడిగి తెలుసుకునే ధైర్యం లేదు. అడగకుండానే ఇంకొన్ని శనివారాలు గడిచాయి. వెళ్ళిన ప్రతిసారీ ప్రభుదాస్ గారు ధర కొంచెం తగ్గించేవారు. ఆర్థర్ మనసు ఇంకా కుదరడం లేదనేవాడు. ఇంత జాగ్రత్తపరుడిని తాను చూడలేదని ఆయన కూతురితో పొగిడేవారు.

ఇలా ఉండగా యాప్రాల్ నుంచి భద్రయ్య వచ్చాడు.

భద్రయ్య రైతు. బొల్లారం పటాలానికి కూరగాయలు వేస్తాడు. జీపును చూడగానే అతని ముఖం విచ్చుకుంది. ప్రేమమణి ఎప్పటిలాగే మొదలుపెట్టింది. హారను మోగదంది. మోగితే ఎడ్లు బెదురుతాయి, మోగకపోవడమే మేలన్నాడు భద్రయ్య. టాపు చిరిగిందంటే, కూరగాయలకు గాలి కావాలన్నాడు. బ్రేకు సంగతి చెబితే, ఎడ్లబండికి బ్రేకు ఎక్కడుందని అడిగాడు. చివరికి ఆమె, ఇది ఎంత తిరిగిందంటే మైళ్ళ మీటరులో అంకెలన్నీ అయిపోయి మళ్ళీ సున్నా దగ్గర మొదలైందని చెప్పింది.

"అంటే కొత్తదే గద బిడ్డా," అన్నాడు భద్రయ్య.

ఆ మనిషిని ఏ లోపమూ కదిలించలేకపోయింది. దున్నిన చేలో నాలుగు చక్రాలూ లాగితే చాలు, ఆదివారమే తోలుకుపోతానన్నాడు.

ప్రభుదాస్ గారు న్యాయంగల మనిషి. ముందు వచ్చినవాడు ఆర్థర్ కాబట్టి అతనికి కబురు చేశారు. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ యాప్రాల్ వెళ్ళారు. చేను గట్టు మీద జీపు ఆపించి, శబ్దం వినడం చాలు, ఇవాళ నువ్వే ఒకసారి నడిపి అవునో కాదో చెప్పేయమన్నారు ఆర్థర్‌తో. తానూ భద్రయ్యా వెనక ఎక్కి కూర్చున్నారు.

ఆర్థర్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. ప్రేమమణి పక్కన కూర్చుని పెదవులు కదలకుండా ఏది తొక్కాలో చెప్పింది, గేరు తానే వేసింది. జీపు ఒక్క ఎగురు ఎగిరి దుక్కిలో దిగింది. మట్టిని చిమ్ముకుంటూ, గుర్రుమంటూ, చేను చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఎలా ఆపాలో ఆర్థర్‌కు తెలియదు. ఇవాళ జీపు పోతే ఈమె పోతుందని మాత్రం తెలుసు.

"నాకు జీపు వద్దు," అన్నాడు.

"ఏందీ?"

"మీరు కావాలి. జీపు కాదు."

"వినబడ్తలేదు. కుడికి తిప్పండి, బావి ఉన్నది."

ఆర్థర్ కుడికి తిప్పి గొంతు చించుకుని మళ్ళీ చెప్పాడు. వెనక ప్రభుదాస్ గారికి వినికిడి అసలే తక్కువ. ఎంతకు అడుగుతున్నాడని భద్రయ్యను అడిగారు. భద్రయ్య ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"జీపు వద్దంట పంతులూ. పిల్ల కావాల్నంట."

జీపు ఇంకో చుట్టు తిరిగింది. తర్వాత ప్రభుదాస్ గారు, అబ్బాయి వాళ్ళది ఏ మిషను చర్చో కనుక్కోమన్నారు. భద్రయ్య ముందుకు వంగి ఆర్థర్‌ను అడిగి వెనక్కి వాలాడు.

"గుంటూరంట."

"గుంటూరు సరేనయ్యా. లూథరనా, బాప్టిస్టా?"

భద్రయ్యకు ఆ రెండు మాటలూ కొత్త. "రెండూ ఉన్నయంట," అని హామీ ఇచ్చి, ప్రభుదాస్ గారు అడగని మాట ఒకటి తానే అడిగాడు. "బిడ్డా, మీ నాయిన అడుగుతున్నడు. నీకు సుత ఇష్టమేనా?"

ప్రేమమణి తిరిగి చూడలేదు. బావి మళ్ళీ ఎదురొచ్చింది. ఆమె స్టీరింగు మీద ఆర్థర్ చెయ్యి పట్టుకుని కుడికి తిప్పింది. బావి దాటిపోయాక కూడా చెయ్యి తియ్యలేదు.

"ఇష్టమేనంట," అని వెనక్కి చేరవేశాడు భద్రయ్య.

ఇంకో రెండు చుట్లు తిరిగాక పెట్రోలు అయిపోయి జీపు దానంతట అదే ఆగింది. ప్రభుదాస్ గారు కోటు దులుపుకుంటూ దిగి ఆర్థర్ ముందు నిలబడ్డారు.

"నీకు డ్రైవింగు రాదా?"

"రాదండీ."

"జీపు కొనే స్తోమతు?"

"లేదండీ."

"మరి ఇన్ని శనివారాలు ఇంజను శబ్దం విని తల ఊపావు."

"శబ్దం బాగానే ఉందండీ," అన్నాడు ఆర్థర్.

ప్రభుదాస్ గారు గడ్డం గోక్కుంటూ చేను వైపు తిరిగారు. భద్రయ్య చేతులు నడుముకు పెట్టుకుని జీపు లేపిన మట్టిపెళ్ళలను తృప్తిగా చూస్తున్నాడు. నాలుగు చక్రాలూ లాగినయి, సగం దుక్కి సుత అయింది, బండి తనదేనన్నాడు. అక్కడికక్కడే బేరం ఖాయం చేసుకుని, జీపును ఇంటికి లాక్కుపోవడానికి ఎడ్లను తోలుకురావడానికి వెళ్ళాడు.

ముగ్గురూ నడిచి బయలుదేరారు. పొద్దు వాలుతోంది. పొలాల మీద ఒక్క చప్పుడు లేదు. ప్రేమమణి ఉండి ఉండి చీరకు అంటిన మట్టి దులుపుకుంటోంది. ప్రభుదాస్ గారు దారి మధ్యలో ఆగి వెనక్కి తిరిగారు.

"భద్రయ్య నోట విన్నాను. నీ నోట వినలేదు. ఇప్పుడు చెప్పు."

అంత గోలలో చేనంతా వినబడేలా అరిచిన ఆర్థర్‌కు ఆ నిశ్శబ్దంలో గొంతు పెగల్లేదు. నోరు తెరిచాడు, మూశాడు. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఎదురుచూశారు. చివరికి ప్రేమమణే ముందుకొచ్చింది.

"నాన్నా, ఆయన నన్ను చేసుకుంటడు. నేను సుత ఆయన్నే చేసుకుంటా. ఇక్కడనే ఉంటా."

తండ్రికి వినబడదేమోనని ఆమె ఆ మాటలు బాగా గట్టిగానే అంది. దూరంగా ఎడ్లు తోలుకొస్తున్న భద్రయ్య తల ఎత్తి చూశాడు.

"వినబడిందమ్మా," అన్నారు ప్రభుదాస్ గారు. కూతురి తల మీద ఒక చెయ్యి, ఆర్థర్ తల మీద ఒక చెయ్యి వేసి కాసేపు కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి, బాపట్ల ఎక్కడికీ పోదులే అని, మళ్ళీ ముందు నడిచారు. ఈసారి వాళ్ళిద్దరూ వెనకబడితే వెనక్కి తిరిగి చూడలేదు.