అర్ధణా అగ్గిపెట్టె

1947 నవంబరు పన్నెండు. పొద్దున జొన్న గటక, పచ్చిపులుసు. తర్వాత ఎన్నేళ్లు గడిచినా ఏజెంట్ యోసేపుకు ఆ తేదీ, ఆ రుచి విడివిడిగా గుర్తు రాలేదు.

జనగామలో సుంకాల శాఖ వెనక గది. చీఫ్ లక్ష్మీకాంత్ బల్ల మీద రెండు అగ్గిపెట్టెలు పెట్టాడు.

"ఇది మన సాంబయ్య కార్ఖానాది. అణా. ఇది విదేశీ కంపెనీది. అర్ధణా. వాళ్ల దేశంల ఇదే పెట్టె రెండణాలు."

"నష్టానికి ఎందుకు అమ్ముతున్నరు సార్?"

"సాంబయ్య మూసుకునేదాక. తర్వాత మూడణాలు జేస్తరు. దీన్నే డంపింగ్ అంటరు."

గోడ మీద ప్రపంచ పటం, అక్కడక్కడ గుండుసూదులు. "1904ల కెనడా మొదలుపెట్టింది, గిట్లాంటి సరుకు మీద అదనపు సుంకం. వెనక న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా. 1921ల అమెరికా, బ్రిటన్. మొన్న జెనీవాల ఇరవై మూడు దేశాలు ఈ నియమం మీద సంతకాలు పెట్టినయ్. సూదులన్నీ ఎక్కడున్నయో చూడు, ఎక్కువ పెద్ద దేశాల మీదనే. దెబ్బ తినేది మనం, రుజువు తెచ్చుకునే తాహతు వాళ్లది."

"రుజువంటే?"

"వాళ్ల దేశంల అమ్మే పెట్టె, దాని మీద అచ్చయిన ధర. మన దగ్గర ఈ సుంకం మీద విచారణ సాయంత్రం ఆరింటికి ముగుస్తది. కంపెనీ గోదాముల నుంచి కమ్లీ అసుంటి పెట్టె తీసింది, కేసముద్రం స్టేషన్ల ఇస్తది. పో."

ఆ కార్ఖానాలో నలభై మంది ఆడవాళ్లు పెట్టెలు అతికేవారు. యోసేపు భార్య సాలమ్మ కూడా చనిపోయేదాకా అతికింది. ఆమె వేళ్లకు ఎప్పుడూ బంక వాసన.

ఇక కమ్లీ. టేకుమట్ల వైపు తండాలకు కంపెనీ సరుకు మోసే నమ్మకమైన మనిషి. లోలోపల లక్ష్మీకాంత్ మనిషి. అద్దాల లంగా కట్టి ఆమె నడిస్తే ప్లాట్‌ఫారం మీద మాటలు ఆగేవి. ఈ పని అయ్యాక ఆమెను ఒక మాట అడగాలని యోసేపు మూడు నెలలుగా అనుకుంటున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి కేసముద్రంలో అతను దువ్వెనలు, సూదులు అమ్మేవాడి వేషంలో ఉన్నాడు. స్టేషన్ గేటు దగ్గర తుపాకులతో రజాకార్లు. ఎల్లక్క చాయ్ పొయ్యి పక్కన ఒక రైతు గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. పేరు లింగ్యా అన్నాడు.

"ఏంది సూదులాయనా, గిరాకీ ఉందా?"

"కుట్టుకునేతందుకు బట్ట ఉంటె గద, సూదులు కొనేది."

ఇద్దరూ నవ్వారు. లింగ్యా చుట్ట తీసి అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరింది. పారేసి ఇంకొకటి గీసి, పెట్టెను పొయ్యి గట్టు మీద పెట్టాడు.

"పక్కన పొయ్యి మండుతుంటె పుల్ల గీస్తవా!" ఎల్లక్క దెప్పింది. "మీ అత్తగారిది అగ్గిపెట్టెల కార్ఖానానా?"

యోసేపు నవ్వు ఆగిపోయింది. ఈ ఊళ్లల్లో చుట్టకైనా దీపానికైనా నిప్పుకణికే. పుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు వాడతారు. పుల్లలు పారేసేవాడు రైతు కాడు, కంపెనీ మనిషి.

కమ్లీ వచ్చింది. "సూదులాయనా, నిప్పుందా?"

'తడిసింది' అంటే క్షేమం. యోసేపు ప్రమాదమని తెలిపే రెండో జవాబు చెప్పాడు. "పక్కింట్ల అడుగు."

ఆమె ముఖం మారలేదు. పొయ్యి ముందు వంగి కణికతో చుట్ట ముట్టించుకుంది. ఆమె లేచాక పొయ్యి గట్టు మీద ఒక అగ్గిపెట్టె బదులు రెండున్నాయి.

లింగ్యా ఆమె మూట గుంజి విప్పాడు. ఏమీ లేదు. అతని ముఖం నల్లబడింది. గేటు వైపు తిరిగి అరిచాడు. "సంగపుది! దళానికి చీటీలు మోస్తది, పట్టుండ్రి!"

సంగమంటే రజాకార్లతో పోరాడే కమ్యూనిస్టులు. ఆ రోజుల్లో మనిషిని చంపడానికి ఆ ఒక్క మాట చాలు.

యోసేపు చెయ్యి నడుములోని సర్కారు పాసు మీదికి పోయింది. అది చూపిస్తే ఆమె బతకవచ్చు. కానీ ఇద్దరినీ ఆపుతారు, జనగామ రైలు పోతుంది, పెట్టె లింగ్యాకు చిక్కుతుంది. అయినా పాసు సగం బయటికి తీశాడు.

కమ్లీ గిర్రున తిరిగింది. లంగా అద్దాల వెలుగు అతని కళ్ల మీద రెండుసార్లు మెరిసింది. వాళ్లిద్దరి సైగ అది. వెళ్లిపో.

ఆమె గూడ్సు పెట్టెల వైపు పరుగెత్తింది. లింగ్యా, తుపాకులు ఆమె వెంట.

"నీ సామాను మరిచిపోతున్నవ్ బిడ్డా," అంటూ ఎల్లక్క ఆ పెట్టెను అతని దువ్వెనల కింద తోసింది. ఏమీ అడగలేదు. ఆ రోజు అతనికి దొరికిన దయ అదొక్కటే.

యోసేపు రైలెక్కాడు. బండి కదిలాక రెండు తుపాకీ మోతలు. వెనక్కి చూడలేదు. చూస్తే దిగిపోయేవాడు.

జనగామలో విచారణ గది. ఆరింటికి ఇంకా ఒక నిమిషం. కంపెనీ వకీలు కాగితాలు కట్టేస్తున్నాడు. యోసేపు పెట్టెను బల్ల మీద పెట్టాడు. వకీలు దాన్ని చప్పున అందుకుని, సిగరెట్ నోట పెట్టుకుని, పుల్ల గీసి, మంటను పెట్టె మీదికే వంచాడు. యోసేపు ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"పక్కన లాంతరుంది సార్. పుల్ల ఎందుకు దండుగ?"

పెట్టె మీద అచ్చయిన ధర చెక్కుచెదరలేదు. అణాన్నర సుంకం పడింది.

"రుజువు ఎవరు తెచ్చిన్రని రాయాలె?" లక్ష్మీకాంత్ కలం పట్టుకుని అడిగాడు.

"కమ్లీ."

"ఏజెంట్ల పేర్లు రాయం గద."

"అయితె ఖాళీ ఇడువుండ్రి సార్. అది ఆమె జాగ."

సాంబయ్య సంతోషంతో ఒక కొత్త పెట్టె చేతిలో పెట్టాడు. దాన్ని జేబులో వేసుకుని యోసేపు పక్కింటి సమ్మక్క గడప ముందు నిలబడ్డాడు. చేతిలో పిడక ముక్క.

"జర నిప్పియ్యి అవ్వా."

"అగ్గిపెట్టెలోళ్ల ఇంట్ల నిప్పు లేదా, నాయినా?"

"ఉంది. గీయబుద్ధయితలేదు."

ఆమె కణిక వేసింది. నలభై మంది అగ్గిపెట్టెల పనిని కాపాడిన ఏజెంట్, ఆ సాయంత్రం దీపానికి నిప్పు పక్కింట్లోనే అడిగి తెచ్చుకున్నాడు. ఒత్తి అంటుకున్నాక, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.