మూఢంలో బ్యాండు క్యాంపు

"మూఢంల పెండ్లేంది సార్? ముహూర్తం పెట్టిన అయ్యగారెవరు? జర నంబరియ్యుండ్రి, నేను మాట్లాడత."

మధుకర్ ఇంకా చెప్పులు కూడా విడవలేదు. నిజామాబాద్ గాజుల్‌పేట సందులో ఒక రేకుల షెడ్డు ముందు నిలబడి, లోపలికి పోవాలా వద్దా అని చూస్తున్నాడు. లోపల ఒకామె క్యాషియో కీబోర్డు మీది దుమ్మును పాత చీరముక్కతో తుడుస్తూ, తలెత్తకుండానే అడిగేసింది.

అతడు నోరు తెరిచేలోపు రెండో ప్రశ్న వచ్చింది.

"లవ్ మ్యారేజా? లవ్వయితె బ్యాండెందుకు సార్. సప్పుడు గాకుండ చేస్కోవాలె గని."

"పెండ్లి కాదు," అన్నాడు మధుకర్.

"మరి రిటైర్మెంటు ఊరేగింపా? మీ గొంతు ఇంటె అంత వయసున్నట్టు లేదు."

అతని చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఎనిమిదేళ్ల రుచితకు ఓపిక అయిపోయింది. "మా బాపుకు కాదు మేడం, నాకు. బయట సమ్మర్ మ్యూజిక్ క్యాంప్ అని రాసున్నది గద."

ఆమె అప్పుడు తలెత్తింది. బ్యానరు కట్టించింది తనే. కానీ దాన్ని చూసి నిజంగా ఎవరైనా లోపలికి వస్తారని ఆమె అనుకోలేదు. తర్వాత చీరముక్కను వెనక్కి దాచి, "కూసోండ్రి," అంది. కూర్చోవడానికి అక్కడ పెద్ద డోలు తప్ప ఏమీ లేదు.

ఆమె పేరు ఉమారాణి. బ్యాండు మాస్టర్ రాజారాం బిడ్డ. ఆ ఏడు ఎండాకాలం పెళ్లిళ్ల రోజుల్లోనే శుక్రమూఢం వచ్చి పడింది. ముహూర్తాలు లేవు. బాకాలు మేకులకు వేలాడుతున్నాయి. పెళ్లి బరాతు దీపాలు గోనెసంచుల్లో నిద్రపోతున్నాయి. ఖాళీగా ఉన్న వాద్యాలను, వాయించేవాళ్లను చూసి ఉమారాణికే తోచింది, పిల్లలకు నేర్పుదామని.

మధుకర్ పొద్దున్నుంచి తిరుగుతున్నాడు. ఇది మూడో క్యాంపు. రుచిత బడిలో బెంచీ మీద, ఇంట్లో బిందె మీద, పొలంలో మోటారు డబ్బా మీద వేళ్లతో దరువు వేస్తుందని, ఈ పిల్లకు సంగీతం చెప్పించమని ఊరి టీచరు అంది. అందుకని బోధన్ అవతలి కాలువ కింది ఊరి నుంచి తెల్లవారే బస్సెక్కాడు. మొదటి క్యాంపులో ఏసీ ఉంది. పిల్లలందరూ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కీబోర్డులు నొక్కుతున్నారు. గదిలో వేళ్ల టకటక తప్ప పాట లేదు. వద్దన్నాడు. రెండోది ఇందల్వాయి దగ్గర, హాస్టల్లో ఉంచి నేర్పుతారు. నీళ్లు బాగాలేవన్నాడు.

ఇక్కడా చుట్టూ చూశాడు.

"రేకులు. ఎండకు కాలుతది," అన్నాడు.

"మధ్యాహ్నం బంద్. పొద్దుగాల, సాయంత్రమే క్లాసు."

"ఊరు దూరం."

"ఎవరన్న ఉన్నరా టౌన్ల?"

"మా అత్తమ్మ ఉన్నది, గీ పక్క సందులనే," అంది రుచిత. "రేణుకమ్మ. బీడీలు చేస్తది. బాపుకు ఏదీ నచ్చుతలేదు మేడం, ఇది మూడో క్యాంపు."

"మరింకేం?" ఉమారాణి అతని వైపు చూసింది. మధుకర్ బాకాల వైపు చూశాడు. ఇంకో వంక దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు.

"ఇది గలిపి మూడు క్యాంపులు చూసిండ్రంటున్నది పాప. ఇంట్ల ఎవరెవరుంటరు మీరు?"

"నేను, బిడ్డ."

"పాప వాళ్లమ్మ?"

"లేదు. బిడ్డ చిన్నగున్నప్పుడే పోయింది."

ఉమారాణి వెనక్కి దాచిన చీరముక్కను ముందుకు తెచ్చి మడత పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "క్యాంపుల తప్పేం లేదు, రుచిత బాపు. మీకు ఒక్కరే ఇంటికి పోబుద్ధయితలేదు."

రుచిత తండ్రి ముఖంలోకి చూసింది. ఆ సంగతి ఆ పిల్లకు కూడా అప్పుడే తెలిసింది.

"ఒక పని చేస్త," అంది ఉమారాణి. "రోజు సాయంత్రం క్లాసయినంక నా ఫోన్ల నుంచి చేస్త. పాప వాయిస్తది. మీరు వినుండ్రి. మాట్లాడకపోయినా పర్వాలేదు, మీకు అలవాటు లేనట్టున్నది."

మూల గోనెసంచులకు ఆనుకుని కునుకుతున్న, బ్యాండులో వాయించే ముసలి ఖాసిం చాచా కళ్లు మూసుకునే నవ్వాడు. "ఎదుటోళ్లు మాట్లాడకపోతె మా ఉమారాణికి పండుగ. ఇద్దరి మాటలు ఆమెనే మాట్లాడతది."

రుచిత మేనత్త ఇంట్లో ఉండిపోయింది.

*

ఆ సాయంత్రం మధుకర్ అలవాటు కొద్దీ రెండు కంచాలు కడిగాడు. ఒకటి తిరిగి గూట్లో పెట్టాడు. చెరుకుకు నీళ్లు పెట్టి వచ్చాడు, పెట్టాల్సిన పనేమీ లేకపోయినా. వాకిట్లో మంచం వేసుకుంటే ఆకాశం మరీ ఎక్కువగా కనిపించింది. లోపల వేసుకుంటే గోడలు దూరంగా జరిగినట్టున్నాయి.

ఫోన్ మోగింది. అవతల సైడ్ డ్రమ్ము తడబడుతూ పరుగెత్తింది. ఆగింది. "బాపు, మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"ఏం తిన్నవ్?"

"అన్నం."

ఫోన్ చేతులు మారింది. "ఒట్టి అన్నమేనా? కూరేం లేదా?" ఉమారాణి గొంతు.

"ఉన్నది."

"దానికి పేరు లేదా?"

"బీరకాయ."

"శభాష్. ఇయ్యాల్టికి చాలు. రేపు ఉప్పు సరిపోయిందా లేదా అదిగూడ చెప్పుండ్రి."

రోజూ అంతే. రుచిత వాయించడం పది నిమిషాలు, ఉమారాణి మాట్లాడటం ఇరవై. రుచిత ఎలా నేర్చుకుంటోందో చెబుతూ మొదలుపెట్టేది. అక్కడి నుంచి తండ్రి రాజారాంకు పళ్లు ఊడాక క్లారినెట్ ఊదలేక ఎలా చికాకు పడుతున్నాడో, ఖాసిం చాచా నిద్రలో కూడా ఎలా తాళం వేస్తాడో చెప్పేది. మధుకర్ ఊ కొట్టేవాడు. ఆ ఊ కోసం పొలం నుంచి ముందే వచ్చి కూర్చునేవాడు.

వారం తిరక్కుండా టౌనుకు వెళ్లాడు, మామిడిపండ్లు పట్టుకుని.

"బిడ్డకా?" అంది ఉమారాణి.

"అందరికి."

"గంపెడున్నయ్. బ్యాండోళ్లందరు గలిసి తిన్నా ఒడువవు."

తర్వాత పెరుగు తెచ్చాడు. తర్వాత చెరుకు గడలు. రుచితకు చెరుకు ఇంట్లోనే ఉంది, ఆ పిల్ల ముట్టుకోనే లేదు. ఖాసిం చాచా గడను గోడకు ఆనించి, "రెండు రోజులాగి వీడు మోటారు గూడ ఊడదీసి తెస్తడు చూడు," అన్నాడు. ఉమారాణి నవ్వుతూ వెనక్కి తిరిగింది. ఆ నవ్వు కొంచెం పొడుగ్గా ఉందని మధుకర్‌కు అనిపించింది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన పడింది. ఫోన్‌లో డ్రమ్ము కంటే రేకుల మీది వాన చప్పుడే గట్టిగా వినిపించింది. రుచిత వానలో ఆడటానికి ఫోన్ వదిలేసి పోయింది. ఉమారాణి చాలాసేపు మాట్లాడలేదు. అదే వింతగా తోచింది అతనికి.

"ఏమైంది?" అన్నాడు. అతడు ముందుగా అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఏం లేదు. వాన గద." తర్వాత అంది. "బరాతుల బండి మీద కూసొని క్యాషియో వాయిస్త నేను. నాకొచ్చిన సంబంధాలు గూడ అక్కడనే పోయినయ్. బండి దిగుమంటరు. దిగనంటె లేచి ఎల్లిపోతరు. తప్పు వాళ్లది గాదనుకో, నాది గూడ గాదు. కని ఒకటున్నది. ఊరంత మా ముందు ఎగురుతరు. ఫంక్షన్‌హాలు రాంగనే అందరు లోపలికి పోతరు. మేము గేటు కాడనే ఆగుతం. అప్పుడు ఒక్కసారి సప్పుడు బంద్ అయితది చూడు. గది నాకు మంచిగనిపియ్యది."

మధుకర్‌కు ఏదో చెప్పాలనిపించింది. "ఇక్కడ గూడ వాన పడుతున్నది," అన్నాడు. చుక్క కూడా పడటం లేదు.

*

ఆ తర్వాత టౌనుకు వెళ్లినప్పుడు రేణుకమ్మ అతణ్ని అరుగు మీద కూర్చోబెట్టింది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, ఆకులు. చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి, కళ్లు మాత్రం తమ్ముడి మీద ఉన్నాయి.

"ఆ పిల్ల మీద మనసున్నదారా?"

అతడు చెప్పులు చూసుకున్నాడు.

"మంచిదే. నాకు గూడ నచ్చింది. కని మూఢం నడుస్తున్నది. మూఢం దాటేదాక పెండ్లి మాట నీ నోట్ల నుంచి రావద్దు. ఒకసారి కాలిన ఇల్లు నీది. నా మాటిను."

అక్క మాట అతడు ఎప్పుడూ జవదాటలేదు. కానీ నోరు కట్టుకోవడానికి అతనికి ఒక్కటే మార్గం తెలుసు. ఆ సాయంత్రం ఫోన్ మోగితే రుచితతో మాట్లాడి, ఫోన్ చేతులు మారే చప్పుడు రాగానే పెట్టేశాడు. మర్నాడూ అంతే. టౌనుకు వెళ్లడమూ మానేశాడు. మూడోనాడు ఉమారాణి కూడా ఫోన్ అందుకోవడం మానేసింది. రుచిత వాయించేది, "ఉంట బాపు," అనేది, అంతే. ఆ తర్వాత కాలువ నీళ్ల చప్పుడు తెల్లారేదాకా వినిపించేది.

*

క్యాంపు ఆఖరి రోజు షెడ్డు ముందు షామియానా వేశారు. తల్లిదండ్రులు వచ్చారు. పిల్లలు వాయించారు. రుచిత సైడ్ డ్రమ్ము ఎక్కడా తడబడలేదు. చివర్లో రాజారాం బోసినోటితో నవ్వి ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

అందరూ వెళ్లిపోతుంటే ఉమారాణి రుచిత బట్టల సంచి తెచ్చి మధుకర్ చేతికిచ్చింది. అతని ముఖం చూడలేదు.

"తీస్కపోండ్రి. మీ బాధ పాయె. ఇంక మీ ఇల్లు నిండుతది."

"నిండదు," అన్నాడు మధుకర్.

"బిడ్డ వస్తున్నది గద."

"వస్తది. అయినా నిండదు."

ఆమె అప్పుడు చూసింది. "మరి ఫోనెందుకు పెట్టేసిండ్రు? నేనేమన్న తప్పు మాట్లాడితినా? మూడు దినాలు అదే ఆలోచించిన."

మధుకర్ సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "అక్క చెప్పింది. మూఢం అయ్యేదాక ఆ మాట ఎత్తద్దని. నీతోని మాట్లాడితె... ఆ మాటనే వస్తది. అందుకని అసలుకే మాట్లాడలె."

ఉమారాణికి మొదట కోపం వచ్చింది, అది నవ్వయింది, ఆ నవ్వుకు కళ్లు తడిశాయి.

"ఏ మాట?"

"నేనింకా అనలె."

"అనలె. సరే, అనకుండ్రి." ఆమె చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆ మాటకే మూఢం. టీచర్ స్టూడెంట్ ఇంటికి వచ్చేటందుకు మూఢం లేదు. ఆదివారం బాపును తీస్కొని వస్త. ఎంత పెద్దగున్నదో చూస్త మీ ఇల్లు."

వెనక డోలు మీద కూర్చున్న రాజారాం గొంతు సవరించుకున్నాడు. "నన్నడుగుడు లేదు, జేసుడు లేదు. మటన్ మెత్తగ ఉడికిపియ్యుమను. పండ్లు లేవు నాకు."

*

బోధన్ బస్సులో రుచిత తండ్రి ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. జానకంపేట దాటుతుండగా ఫోన్ మోగింది.

"ఊరు పేరు చెప్పిండ్రు గని ఇల్లెక్కడనో చెప్పలె," అంది ఉమారాణి. "ఎట్ల రావాలె?"

మధుకర్ గొంతు సవరించుకున్నాడు.

"బోధన్ల దిగినంక ఆటో ఎక్కాలె. కాలువ కల్వర్టు కాడ దిగుండ్రి. కట్ట మీద నుంచి రావాలె, కింది బాట మీద బురదుంటది. కుడిపక్క చెరుకు మాది. ఎడమపక్కది మాది కాదు, కని మంచోళ్లే. పొద్దుగాల రాండ్రి, ఎండ గాకముందు. కట్ట మీద ఒక కుక్కుంటది, మొరుగుతది, కరువది. నేను ఎదురొస్తననుకో, అయినా చెప్తున్న. అక్కడ రెండు బాటలైతయ్..."

ముందు సీటులోని ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. కండక్టర్ చూశాడు. కిటికీలో దూరంగా, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించింది. అవతల ఉమారాణి ఒక్క మాట కూడా అనకుండా ఊ కొడుతూ వింటోంది.

మధుకర్ చెబుతూనే ఉన్నాడు. ఇంకా వాకిలి దాకా కూడా రాలేదు.